సున్నా పాయింట్ల ముక్క

మానవాళికి తన వల్ల ద్రోహం జరుగుతోందన్న సంగతి అక్కకి టీ చల్లారేలోపే తెలిసిపోయింది. ఫోన్ తెరిచి దళం గ్రూపు చూస్తే కెప్టెన్ పెట్టిన సందేశం కనిపించింది.

"మనలో ఒక సభ్యురాలి మెషీన్ వరసపెట్టి తప్పుడు లెక్కలు పంపుతోంది. పేరు బయటపెట్టి ఎవరినీ కించపరచడం నా పద్ధతి కాదు. టైర్ల షాపు పైన వీడియో ఎడిటింగ్ గది నడిపే సోదరి గమనించగలరు."

ఆ సందేశం కింద అప్పటికే బొటనవేళ్లు వరస కట్టాయి. అందులో ఒక బొటనవేలు సొంత తమ్ముడిది.

ఈ దళం తుపాకులు పట్టే దళం అనుకునేరు. పాపం, వీళ్లలో సగం మందికి స్క్రూడ్రైవర్ పట్టడం కూడా సరిగ్గా రాదు. ఇంట్లో ఊరికే పడి ఉన్న కంప్యూటర్‌ని సైన్సుకి అరువిచ్చేవాళ్ల దళం ఇది. ఎక్కడో ఒక ల్యాబ్ ఉంది. వాళ్ల దగ్గర కొండంత లెక్క ఉంది, దాన్ని చేసే మెషీన్లు మాత్రం లేవు. అందుకని లెక్కని ముక్కలు చేసి, ఒప్పుకున్న వాళ్లందరి ఇళ్లకీ నెట్ ద్వారా పంపుతారు. ఇంట్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఆ ముక్కని నమిలి, జవాబు తిరిగి పంపుతుంది. మనిషి చేసేదల్లా కరెంటు బిల్లు కట్టడం.

లెక్క దేనిదంటే, ఒంట్లో ప్రోటీన్లు ఎలా మడత పడతాయన్నది. ఒక ప్రోటీన్ మడత తప్పితే కండల్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బొకటి వస్తుంది. ఆ మడత ఆకారం కచ్చితంగా తెలిస్తే దానికి సరిపోయే మందు చెయ్యొచ్చని ల్యాబ్ ఆశ. ఆ జబ్బు అక్క తమ్ముడికి ఉంది. మొదట కాళ్లు పోయాయి. ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. డాక్టర్ని మందేమిటని అడిగితే, "పరిశోధన జరుగుతోంది" అన్నాడు, బస్సు వస్తోంది ఆగండి అన్నట్టుగా. ఎదురుచూడటం తమ్ముడి ఒంటికి పడదు. ఇంటికొచ్చి ఆ పరిశోధన ఎక్కడ జరుగుతోందో వెతికి పట్టుకుని, తన కంప్యూటర్‌ని దానికి కట్టేశాడు. అక్క చేత కూడా ఎడిటింగ్ మెషీన్ని కట్టించాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ సైన్సు వాళ్లు సరదాకి ఒక పని చేశారు. ముక్క పూర్తి చేసినందుకు పాయింట్లు పెట్టారు. సేవ చెయ్యమంటే నీరసం వచ్చే మనిషి, ర్యాంకు ఇస్తామంటే జ్వరంలో కూడా లేచి కూర్చుంటాడు. ఇక దళాలు పుట్టాయి, దళాలకి కెప్టెన్లు పుట్టారు.

ఈ దళం కెప్టెన్‌కి పాత కంప్యూటర్ సామాన్ల షాపుంది. మూతపడ్డ ఒక గేముల సెంటర్ నుంచి ఒకే రకం గ్రాఫిక్స్ కార్డులు గంపగుత్తగా కొన్నాడు. ఎవరూ కొనకపోయేసరికి ఆయనలో సేవాభావం పొంగింది. దళం పెట్టి, చేరిన ప్రతివాళ్లకీ తలొకటి అంటగట్టాడు. అందరి ఇళ్లలోనూ ఒకే కార్డు. ఆయన దాన్ని ఐకమత్యం అనేవాడు.

ఆ దళంలో మొదటి ర్యాంకు తమ్ముడిది. అతని మెషీన్ పగలూ రాత్రీ ఆగదు. ఇంట్లో ఎవరైనా మిక్సీ వేస్తే ఓల్టేజీ పడిపోతుందని అమ్మ చేత రోట్లో నూరిస్తున్నాడు.

* * *

సందేశం పెట్టిన కాసేపటికే కెప్టెన్ స్వయంగా వచ్చాడు. టైర్ల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, రొప్పుతూ, ఎడిటింగ్ గదిలో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూలబడ్డాడు. అక్క స్టూలు లాక్కుంది.

"ఏమ్మా, గ్రూపులో చూశావా?"

"చూశాను కెప్టెన్ గారూ. పేరు చెప్పకుండా ఎంతో మర్యాదగా పెట్టారు."

"అదే నా బలహీనత. గట్టిగా ఎవరినీ అనలేను." వెటకారం ఆయనకి తగల్లేదు. తగిలే చోట ఆయన ఏమీ ఉంచుకోలేదు. "అదిసరే, కొత్త డ్రైవర్ ఎందుకు వేసుకోలేదు నువ్వు?"

డ్రైవర్ అంటే కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీలాంటి సాఫ్ట్‌వేరు. ఇటు మాట అటు చెబుతుంది. ఈమధ్య వచ్చిన కొత్తదానిలో 'టర్బో' అని ఒక సదుపాయం ఉంది. వేసుకుంటే కార్డు పరుగు పెడుతుంది, పాయింట్లు పొర్లుతాయి. అందుకని కెప్టెన్ దళమంతటికీ వేయించాడు.

"వేశానండీ. దానికీ నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకీ పడలేదు. పదవీ విరమణ సభ వీడియోలో ఆ పెద్దాయన మొహం ఆకుపచ్చగా వచ్చింది. దండలు మామూలుగానే ఉన్నాయి, మొహమే పచ్చిమిరపకాయలా ఉంది."

"రంగులదేముందమ్మా? సర్దుకుంటారు."

"ఆయన సర్దుకున్నాడు. వాళ్లావిడ సర్దుకోలేదు. అందుకే తీసేసి పాతదే వేసుకున్నా."

"అంటే నీ పచ్చ మొహం కోసం మానవాళి ఆగాలా?"

"నా మొహం కాదండీ, ఆయన మొహం."

కెప్టెన్ చెయ్యి ఎత్తి ఆపాడు. ఓర్పు నటించడంలో ఆయన్ని మించినవాడు లేడు. "చూడు చెల్లెమ్మా. ఒకే ముక్కని ల్యాబ్ ఒకే రకం కార్డులున్న ఇద్దరికి పంపుతుంది. ఇద్దరి జవాబూ కలిస్తే పాసు. కలవకపోతే మూడోవాడికి పంపి అడుగుతుంది. మూడోవాడు ఎవరితో కలిస్తే వాళ్లది ఒప్పు, మిగిలినవాళ్లది చెత్తబుట్ట. నీది ప్రతిసారీ చెత్తబుట్టలోకే పోతోంది. దళంలో అందరికీ ఒకే జవాబు, నీకొక్కదానికే ఇంకో జవాబు. మరి తప్పెవరిది?"

"అందరిదీ కలిసిందని అంటున్నారు. సరైనదా కాదా అని ఎవరైనా చూశారా?"

"రెండూ ఒకటే కదమ్మా!" అన్నాడు కెప్టెన్, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఆ మాటతో ఆయనకి మనసు తేలికపడింది. లేచి నిలబడి అసలు సంగతి చెప్పాడు. ఆదివారం సన్మానం ఉంది. మన రకం కార్డుల విభాగంలో మన దళం ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చింది. ఆ రకం కార్డు ప్రపంచంలో ఇంకా వాడేది దాదాపు ఈ దళం ఒక్కటే అన్న చిన్న విషయం ఆయన చెప్పలేదు. మీ తమ్ముడికి జ్ఞాపిక ఇస్తున్నాం, పైనుంచి కింద దాకా గాజుది. ఆలోపల నువ్వు కొత్త డ్రైవర్ వేసుకుంటావో, దళం వదిలేస్తావో తేల్చుకో.

"మీ తమ్ముడి మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఆ కుర్రాడికున్న సంతోషం అదొక్కటే. దాన్ని నీ చేతులారా పాడు చెయ్యకు," అని మెట్లు దిగిపోయాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. మండినప్పుడు ఆమె అరవదు, వెతుకుతుంది. ప్రాజెక్టు పేజీ తెరిచి, ర్యాంకుల పట్టిక దాటి, విజేతల ఫోటోలు దాటి, ఎవరూ దిగని అడుగుదాకా దిగింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష ముక్క నడపండి. దీని జవాబు మేము కార్డు లేకుండా, నిదానంగా, ముందే చేసి పెట్టాం. మీ జవాబు దీంతో కలవాలి. ఈ ముక్కకి పాయింట్లు లేవు.

చివరి వాక్యం దగ్గరే లోకమంతా వెనక్కి తిరిగి వెళ్లిపోయినట్టుంది. ఆ పేజీలో ఒక్క ప్రశ్న లేదు, ఒక్క బొటనవేలు లేదు.

ఆమె ఆ ముక్కని తన మెషీన్ మీద వేసి, ఈలోపు ఒక బారసాల వీడియోకి పాట అతికించింది. పాట అయ్యాక చూస్తే, జవాబు చివరి అంకె దాకా ల్యాబ్ చెప్పినట్టే ఉంది. ఇన్నాళ్లూ చెత్తబుట్టలోకి పోయినవన్నీ సరైన జవాబులే.

ముందు సంతోషం వచ్చింది. అబద్ధం ఎందుకు, ఎగిరి గంతేసినంత పని చేసింది. కుర్చీలో కూర్చున్నాక మిగతా సగం తలకెక్కింది. తనది ఒప్పయితే తమ్ముడిది ఏమిటి?

* * *

"రావే తప్పుల రాణీ," అన్నాడు తమ్ముడు, ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే.

అతని మంచం, చక్రాల కుర్చీ, కంప్యూటర్ అన్నీ ముందుగదిలోనే. కార్డు నుంచి వచ్చే వేడిగాలికి ఎదురుగా అమ్మ తాడు కట్టి తువ్వాళ్లు ఆరేసింది. సైన్సు వల్ల ఆ ఇంటికి ఇంతవరకూ ఒరిగిన లాభం అదే.

"బొటనవేలు పెట్టావటగా నా మీద?"

"న్యాయం ముందు అక్కైనా ఒకటే, అత్తైనా ఒకటే."

"మీ న్యాయం సంగతే అడుగుదామని వచ్చా. ఒరే, ఆ ఇద్దరూ తప్పే చేసి, ఆ తప్పు కలిస్తే?"

"కలవదు. తప్పులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. ఒప్పే ఒకేలా ఉంటుంది. ఆ పద్ధతంతా దాని మీదే నిలబడింది."

"ఇద్దరూ ఒకే పేపర్లో చూసి రాస్తే?"

తమ్ముడు మౌస్ మీద నుంచి వేలు తీశాడు. వేళ్లు ఇంకా బాగానే పనిచేస్తాయి అతనికి. "ఏంటి నీ ఉద్దేశం?"

"పరీక్ష ముక్క ఒకటుందట. ఎప్పుడైనా నడిపావా?"

"దానికి పాయింట్లు రావు."

"పాయింట్లు రావని తెలుసంటే, అది ఉందని కూడా తెలుసన్నమాట."

"అక్కా, దానికి పట్టే టైములో నాకు ఎన్ని ముక్కలు పోతాయో తెలుసా? నా వెనక రెండో స్థానంలో ఉన్న ట్యూషన్ మాస్టారు కాచుకుని కూర్చున్నాడు. వారం నుంచి ఆయన వాళ్లావిడ మెషీన్ కూడా లాక్కుని నడుపుతున్నాడు. ఆదివారం దాకా నేను కార్డు ఆపను. ఆ తర్వాత నువ్వు ఏ ముక్క కావాలంటే ఆ ముక్క నడుపుకో."

"ఇప్పుడు ఒక్కసారి..."

"కుళ్లు నీకు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నవ్వు కళ్ల దాకా వెళ్లలేదు. "నేను మొదట ఉన్నది బతుక్కి ఒక్క చోట. బడి పరుగుపందెంలో కూడా ఆఖరివాణ్ణే, కాళ్లున్నప్పుడు కూడా."

అమ్మ వంటింట్లోంచి కేక వేసింది. "ఏమేవ్, వాడితో ఎందుకే? వాడి మానాన వాణ్ణి ఆడుకోనీ."

"ఆట కాదమ్మా," అన్నారు అక్కా తమ్ముడూ ఒకేసారి. ఆ రోజు వాళ్లు ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

మర్నాడు ఉదయం అమ్మ తమ్ముణ్ణి వ్యాయామం చేయించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లింది. వాళ్లటు వెళ్లగానే అక్క ఇంటికొచ్చింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, తమ్ముడి కుర్చీ లేని ఖాళీలో, నేలమీద మోకాళ్లూని, అతని మెషీన్లో నడుస్తున్న పనిని ఆపి పరీక్ష ముక్క వేసింది. ఇది పద్ధతైన పనేనా అంటే, కాదు. తమ్ముడి డైరీ దొంగతనంగా చదివినా ఇంత పాపం ఉండదు, ఆ ఇంట్లో.

కొత్త డ్రైవర్ పుణ్యమా అని ముక్క తొందరగానే అయింది. జవాబు కలవలేదు. మొదటి అంకెలు రెండు మూడు బుద్ధిగానే ఉన్నాయి. ఆ తర్వాత దేని దారి దానిది. మళ్లీ వేసింది. రెండోసారీ అదే తప్పు, అచ్చు గుద్దినట్టు. టర్బో అంటే ఏమిటో ఆమెకి అప్పుడు అర్థమైంది. ఈ దుబాసీ గబగబా చెప్పాలని మాటల చివరలు మింగేస్తోంది. గేములో అయితే శత్రువు చెవి రవ్వంత పక్కకి జరుగుతుంది, వాణ్ణి కాల్చేవాడికి ఆ చెవితో పనిలేదు. ప్రోటీన్ మడతలో రవ్వంత తేడా వస్తే, దాని మీద ఇంకో మడత, దాని మీద ఇంకోటి. చివరికి లోకంలో లేని తాళం తయారవుతుంది. ల్యాబ్ వాళ్లు ఆ తాళానికి ఏళ్ల తరబడి కూర్చుని తాళంచెవి చేస్తారు. ఆ తాళంచెవి కోసం తమ్ముడు కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తాడు. తప్పుడు తాళం చేసి పంపినవాళ్లలో మొదటి ర్యాంకు కూడా అతనిదే.

దళంలో అందరిదీ అదే కార్డు, అదే డ్రైవర్, అదే తప్పు. ఒకరి తప్పుకి ఇంకొకరు సాక్షి సంతకం పెడుతూ వచ్చారు. ఐకమత్యం అంటే ఇదేనన్నమాట.

తమ్ముడు ఇంటికొచ్చి, తెర మీద తన పాయింట్ల గ్రాఫులో పడిన గుంటని చూసీ చూడగానే పట్టేశాడు.

"నా మెషీన్ ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా."

"నన్నడగకుండా?"

"నిన్న అడిగాగా."

ఆమె తెర మీద రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి కుర్చీని దగ్గరికి తోసింది. అతను చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు. అమ్మ తువ్వాలు మడతపెడుతూ ఆగిపోయింది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

"ఒరేయ్, అది నీ జబ్బు లెక్కరా!"

"తెలుసు! నాకు చెప్తావేంటి నా జబ్బు గురించి!" అతని గొంతు చీరుకుపోయింది. "జబ్బూ నాదే, తప్పూ నాదే, ర్యాంకూ నాదే. మధ్యలో నీకేంటి నొప్పి? వెళ్లు, వెళ్లి పచ్చ మొహాలు కడుక్కో."

అక్క చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "ఆదివారం దాకా చూస్తా. నీ నోటితో నువ్వు చెప్తే సరే. చెప్పకపోతే సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి నేను రాస్తా. ఆ తర్వాత నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే."

అతను అప్పటినుంచే మాట్లాడటం మానేశాడు. ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, "పలకనంటున్నాడే," అని పెట్టేసేది. అక్కకి ముద్ద దిగలేదు. మరోపక్క, తనని ఎవరూ అడగకుండానే మెషీన్ తన పని తాను చేసుకుపోతోంది. సరైన జవాబు పంపడం, చెత్తబుట్టలో పడటం, మళ్లీ పంపడం.

* * *

నడవలేని వాళ్ల కోసం పాటుపడే దళం, సన్మానానికి లిఫ్టు లేని హాలు తీసుకుంది. రెండో అంతస్తు. ర్యాంపు ఉందా అని అక్క ముందే ఫోన్ చేసి అడిగితే, "మనవాళ్లు ఇంతమంది ఉండగా ర్యాంపు ఎందుకమ్మా, పూలలో పెట్టి ఎత్తుకొస్తాం," అన్నాడు కెప్టెన్.

అన్నట్టే ఎత్తుకొచ్చారు. కుర్చీకి నాలుగు పక్కలా నలుగురు పట్టుకుంటే, చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకున్నారు. మెట్టు మెట్టుకీ ఫోటో. ఒక మలుపు దగ్గర ఫోటో సరిగ్గా రాలేదని రెండు మెట్లు దింపి మళ్లీ ఎక్కించారు. తమ్ముడు ఫోన్ల వైపు చూశాడు. అక్క వైపు మాత్రం చూడలేదు.

గోడకి పెద్ద ఫ్లెక్సీ. దాని మీద భూగోళం, భూగోళాన్ని మోస్తున్న గ్రాఫిక్స్ కార్డు, పక్కనే అంతకంటే పెద్దగా కెప్టెన్ మొహం. ప్రసంగం మొదలైంది. ఈ కార్డుల్ని జనం పనికిరావన్న రోజుల్లో తానొక్కడే నమ్మానని, ఆ నమ్మకమే ఇవాళ వైద్యశాస్త్రాన్ని నడిపిస్తోందని చెప్పుకొచ్చాడు. ఒకే మాట మీద నిలబడటం మన దళం గొప్పతనమన్నాడు. "మన లెక్కల్లో తప్పు శాతం సున్నా! ఒక్క మెషీన్ మినహా." అందరూ ఒక్కసారిగా అక్క వైపు తిరిగి చూసి, మర్యాద గుర్తొచ్చి ఫ్లెక్సీ వైపు మొహాలు తిప్పుకున్నారు.

గాజు జ్ఞాపిక తెచ్చి తమ్ముడి ఒళ్లో పెట్టారు. అది బరువైంది, జారకుండా పట్టుకోవడానికి అతనికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. కెప్టెన్ మైకుని అతని నోటి దగ్గర పెట్టాడు.

"రెండు ముక్కలు మాట్లాడు నాన్నా."

అక్క కుర్చీ అంచుకి జరిగింది. వాడు థాంక్స్ చెప్పి ఊరుకుంటే రేపు తాను రాయాలి. రాసిన రోజు నుంచి తనకి తమ్ముడు లేనట్టే.

"రెండు అక్కర్లేదు. ఒక్క ముక్క గురించే చెప్తా," అన్నాడు తమ్ముడు. "పరీక్ష ముక్క అని ఒకటుంది. మీలో దాన్ని నడిపినవాళ్లు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ట్యూషన్ మాస్టారు అలవాటుకొద్దీ సగం ఎత్తి దించేశాడు.

"నేనూ నడపలేదు. దానికి పాయింట్లు రావు కదా. మా అక్క నడిపింది, నా మెషీన్ మీద, దొంగతనంగా. తప్పొచ్చింది. నమ్మలేదు నేను. మూడు రోజులు కార్డు ఆపేసి, పాత డ్రైవర్ వేసి ఒకసారి, కొత్తది వేసి ఒకసారి, మార్చి మార్చి నేనే నడిపాను. పాతదానితో ప్రతిసారీ ఒప్పు. కొత్తదానితో ప్రతిసారీ తప్పు. మాస్టారూ, మీరు నన్ను దాటేసి ఉంటారు, పట్టిక చూసుకోండి."

మాస్టారు వెంటనే ఫోన్ తీసి చూసుకున్నాడు. మొహం వెలిగింది. సందర్భం గుర్తొచ్చి ఆరిపోయింది.

"మనందరిదీ ఒకే తప్పు. అందుకే కలుస్తూ వచ్చింది. పొద్దున్న ల్యాబ్‌కి రాశాను. అక్కడ మనకి జవాబులిచ్చే అమ్మాయి అప్పుడే బదులిచ్చింది. కొత్త డ్రైవర్ వేసినప్పటినుంచీ ఈ రకం కార్డులు పంపినవన్నీ పక్కన పెట్టేస్తున్నారట. ఆ ముక్కలన్నీ మళ్లీ చెయ్యాలి. పాయింట్లు కూడా వెనక్కి తీసుకుంటున్నారు."

అంతవరకూ ఊరుకున్న హాలు 'పాయింట్లు' అనగానే లేచి నిలబడింది.

"మావి కూడానా?"

"ఇన్నాళ్ల కరెంటు బిల్లు ఎవడిస్తాడయ్యా?"

"సన్మానం అయ్యాక చెప్తే ఏం పోయింది? ఇంట్లోవాళ్లని కూడా తీసుకొచ్చాను నేను!"

"అసలు ఆవిణ్ణి దళంలో చేర్చుకున్నదెవరు? అప్పుడే అనుకున్నా!"

తప్పుడు మడతల సంగతి ఒక్కరూ అడగలేదు. డ్రైవర్ వేయించిన మనిషిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నిజం చెప్పినవాడి చుట్టూ మాత్రం ఊపిరాడకుండా మూగారు.

కెప్టెన్‌కి గొప్ప గుణం ఒకటుంది. కాలికింద నేల కదిలితే, కదిలినవైపే నడవడం మొదలుపెడతాడు. మైకు లాక్కున్నాడు. "మిత్రులారా! శాంతి! ఇంత పెద్ద లోపాన్ని కనిపెట్టింది ఎవరు? మన దళం! ప్రపంచంలో ఇంకెవరైనా కనిపెట్టారా? ఈ ఘనత మనందరిదీ." ఆ తర్వాత వంగి, తమ్ముడి ఒళ్లోంచి జ్ఞాపికని సున్నితంగా తీసుకున్నాడు. "ఇది దళం తరఫున షాపులో భద్రంగా ఉంచుతాను నాన్నా. నీకు బరువు."

జనం తిట్టుకుంటూ, ఫోన్లలో తరిగిపోతున్న పాయింట్లు చూసుకుంటూ దిగిపోయారు. ఎత్తుకొచ్చిన నలుగురూ అందరికంటే ముందే దిగారు. కెప్టెన్ ఫ్లెక్సీ కూడా విప్పి చుట్ట చుట్టుకుని వెళ్లాడు, తన మొహం లోపలికి వచ్చేలాగా.

హాల్లో అక్క, అమ్మ, తమ్ముడు, రెండంతస్తుల మెట్లు మిగిలాయి.

అమ్మ బిత్తరపోయి మెట్ల వైపు చూసింది. "ఎలాగే ఇప్పుడు? పిలిస్తే ఎవరైనా రారూ?"

"రారమ్మా," అన్నాడు తమ్ముడు. "కిందికి దింపడానికి పాయింట్లు లేవు."

అక్కకి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. తమ్ముడూ నవ్వాడు. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతుంటే అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది, పిచ్చి పట్టిందా అని.

అక్క టైర్ల షాపుకి ఫోన్ చేసింది. ఇద్దరు పనివాళ్లు చేతులకి నల్ల మసితోనే వచ్చారు. కుర్చీని అటూ ఇటూ తిప్పి చూసి, "లారీ టైరు కంటే తేలికే అక్కా," అని ఎత్తారు. ఫోటోలు ఎవరూ తియ్యలేదు. తమ్ముడి తెల్ల చొక్కా మీద నాలుగు వేళ్ల అచ్చు మాత్రం పడింది.

"ఏ దళం అన్నా మీది?" అడిగాడు తమ్ముడు, మలుపు దగ్గర.

"దళమేంటి బాబూ, పట్టుకో గట్టిగా, పడతావ్."

* * *

ఇంటికొచ్చాక అక్క అడిగింది. "మూడు రోజులు కార్డు ఆపేశావుగా, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? నేను చచ్చాననుకో, ఈ మూడు రోజులూ."

"నువ్వు నన్నడక్కుండా నా మెషీన్ ముట్టుకోలే? దానికి మూడు రోజుల శిక్ష. తక్కువే వేశాను."

"మరి బొటనవేలు?"

"తీసేశా, చూసుకో."

ఆమె చూసింది. తీసేశాడు నిజంగానే. ఆమె చూస్తుండగానే కెప్టెన్ తమనిద్దరినీ గ్రూపులోంచే తీసేశాడు, ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు.

పట్టిక తెరిచారు, కొత్త డ్రైవర్ వచ్చాక మొదలైన ఈ నెలది. దళం పేరు పైనుంచి జారి ఎక్కడో అట్టడుగున తేలింది. ఆ దళంలో మొదటి స్థానంలో ఎడిటింగ్ గది మెషీన్ ఉంది. చెత్తబుట్టలోంచి తీసి, దులిపి, ల్యాబ్ ఆమె జవాబులన్నిటినీ ఒప్పుల్లో వేసింది. తమ్ముడి పేరు చివర్లో ఉంది, పక్కన సున్నాతో.

"తప్పుల రాణి మొదటి ర్యాంకు," అన్నాడు తమ్ముడు. "ఈ ప్రాజెక్టు మీద నాకు నమ్మకం పోయిందే."

"కుళ్లు నీకు."

"చాలా ఉంది."

ల్యాబ్ నుంచి మళ్లీ చేయాల్సిన ముక్కలు అప్పటికే వరసలో నిలబడ్డాయి. కొండంత. అవన్నీ ఒకప్పుడు అతను పంపినవే. వాటిని మళ్లీ మొదటినుంచి నమలాలి, అదీ టర్బో లేకుండా, పాత దుబాసీతో నిదానంగా. అన్నీ అయ్యేసరికి భుజాల్లో బలం ఎంత మిగులుతుందో ఇద్దరికీ తెలుసు.

"మొదలుపెట్టనా?" అంది అక్క, మౌస్ అతని వేళ్ల కిందికి జరుపుతూ.

"ఆగు. మధ్యాహ్నం వెళ్లబోయే ముందు డ్రైవర్ మళ్లీ మార్చి పాతది వేశాను," అన్నాడు. వరసని పక్కకి తోసి, పేజీ అడుక్కి దిగి, పరీక్ష ముక్క మీద నొక్కాడు.

కార్డు ఫ్యాను హోరు అందుకుంది. అమ్మ మసి పోయేలా ఉతికిన తెల్ల చొక్కా తెచ్చి, వేడిగాలికి ఎదురుగా తాడు మీద వేసింది.